అమ్మిన చోటే కొలువుదీరిన కార్లు

1930లో అమెరికాలో కార్ల కంపెనీలు కార్మికులను ఇళ్లకు పంపుతున్నాయి. అంతకు ముందు ఏడాది అక్టోబరులో కుప్పకూలిన షేర్ మార్కెట్ ఇంకా లేవలేదు. సరిగ్గా ఆ రోజుల్లో ఇండియానా రాష్ట్రం ఈశాన్య మూలన ఉన్న ఆబర్న్ అనే చిన్న ఊళ్లో ఒక కార్ల కంపెనీ రాజభవనంలాంటి ప్రధాన కార్యాలయం కట్టుకుంది. కింద అద్దాల షోరూం, పైన ఇంజినీర్ల గదులు, డిజైనర్ల గదులు, అధ్యక్షుడి ఆఫీసు. ఏడేళ్లు తిరిగేసరికి కంపెనీ మూతపడింది. భవనం మాత్రం నిలిచింది. అదే ఈనాడు ఆబర్న్ కోర్డ్ డ్యూసెన్‌బర్గ్ ఆటోమొబైల్ మ్యూజియం.

పాత కార్ల మ్యూజియంలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. ఎక్కువ చోట్ల కార్లను ఎక్కడెక్కడి నుంచో తెచ్చి, గోదాముల్లాంటి హాళ్లలో వరసగా నిలబెట్టి, ముందు తాడు కట్టి వదిలేస్తారు. ఆబర్న్‌లో పరిస్థితి వేరు. ఇక్కడి కార్లలో కొన్నింటికి బొమ్మ గీసింది ఈ భవనంలోనే. వాటిని కొనేవాళ్ల ముందు నిలబెట్టింది కూడా ఈ షోరూంలోనే. అందుకే ఇక్కడికి వచ్చినవాళ్లు కార్లతో పాటు ఒక వ్యాపారాన్ని కూడా చూస్తారు. అందాన్ని ఎలా తయారుచేశారు, ఎలా అమ్మారు, అమ్మలేక ఎలా ఆగిపోయారు అన్నది గదిగదికీ అర్థమవుతుంది.

మొదట నేలను చూడాలి

భవనానికి నమూనా గీసింది పక్కనున్న ఫోర్ట్ వేన్ నగరానికి చెందిన ఆర్కిటెక్ట్ ఆల్విన్ స్ట్రాస్. ఆ కాలపు కొత్త పోకడ ఆర్ట్ డెకో. నిటారుగా పైకి లేచే గీతలు, కోణాలు తేలిన ఆకారాలు, మెరిసే లోహపు పనితనం దాని గుర్తులు. ముంబై మెరైన్ డ్రైవ్ వెంట ఉన్న పాత భవనాలను చూసినవారికి ఈ తరహా కొత్తేమీ కాదు.

షోరూంలోకి అడుగుపెట్టగానే చూపు కార్ల మీదికి పోతుంది కానీ, ఒక్క నిమిషం కిందికి చూడటం మంచిది. నేలంతా మన పాత ఇళ్లలో మొజాయిక్ అని పిలిచే టెర్రాజో గచ్చు. రాతి పలుకులను సిమెంటులో కలిపి పోసి, ఆరాక నున్నగా సానపట్టిన పని అది. రంగు రంగుకూ మధ్య గీత గీసినట్టు హద్దు, హద్దు లోపల మళ్లీ కోణాల డిజైన్లు. తల పైకెత్తితే కప్పు అంచుల వెంట అలంకారపు పట్టీలు, వాటి మధ్య వేలాడే దీపాలు. ఒక పక్కన పై అంతస్తుకు వెళ్లే వెడల్పాటి మెట్లు. వీధి వైపు నిలువెత్తు అద్దాలు.

ఇదంతా దర్జా కోసం చేసిన దండగ ఖర్చు అనిపించవచ్చు. కానీ ఇందులో వ్యాపార సూత్రం ఉంది. ఏ ఊరి డీలరైనా ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు ముందు కాలు పెట్టేది ఈ గచ్చు మీదే. కంపెనీ గట్టిగా ఉందన్న నమ్మకం అతనికి లెక్కల పుస్తకం చూపించకముందే కలగాలి. పగటి వెలుగు పెద్ద అద్దాల్లోంచి పడి, నున్నటి నేల మీద పరావర్తనమై, కారు కింది అంచుల దాకా మెరుపు తెస్తుంది. ఇదే కారును ఏ షెడ్డులోనో, ట్యూబులైటు కింద చూస్తే ఆ వంపులు సగం కూడా కనబడవు.

బగ్గీల ఊరికి వచ్చిన సేల్స్‌మన్

ఈ కథకు మొదలు గుర్రపు బగ్గీల దగ్గర ఉంది. చార్లెస్ ఎకార్ట్ 1874లో ఆబర్న్‌లో బగ్గీల కంపెనీ పెట్టాడు. ఆయన కొడుకులు ఫ్రాంక్, మారిస్ 1900లో ఆబర్న్ ఆటోమొబైల్ కంపెనీ ప్రారంభించారు. కార్లు మన్నికగానే ఉండేవి కానీ, మార్కెట్లో ప్రత్యేకంగా నిలబడేంత ఆకర్షణ వాటికి లేదు. 1919లో చికాగో పెట్టుబడిదారులు కొందరు కంపెనీని కొన్నారు. చూయింగ్ గమ్ వ్యాపారి విలియం రిగ్లీ జూనియర్ వారిలో ఒకడు. వాళ్ల చేతిలోనూ కంపెనీ కోలుకోలేదు. 1924 నాటికి అమ్ముడుపోని కార్లు ఫ్యాక్టరీ ఆవరణలో వందల్లో పేరుకుపోయాయి.

అప్పుడు చికాగో నుంచి ఎర్రెట్ లోబన్ కోర్డ్ వచ్చాడు. వయసు 30. చేసిన పని కార్లు అమ్మడం. యువకుడిగా లాస్ ఏంజెలెస్‌లో సెకండ్‌హ్యాండ్ ఫోర్డులు కొని, వాటికి కొత్త సోకులు అద్ది లాభానికి అమ్మిన అనుభవం ఉంది. ఆబర్న్‌లోనూ అదే చేశాడు. పేరుకుపోయిన కార్లకు మెరిసే రంగులు వేయించాడు, నికెల్ పూత భాగాలు బిగించాడు. లోపలి యంత్రం అదే, పైన చూడ్డానికి మాత్రం కొత్త పెళ్లికొడుకు. సరుకు కదిలింది. 1926లో ఆయనే కంపెనీ అధ్యక్షుడయ్యాడు. అదే ఏడాది ఇండియానాపొలిస్‌లోని డ్యూసెన్‌బర్గ్ కంపెనీని కొన్నాడు, మరుసటేడు ఇంజిన్లు తయారుచేసే లైకమింగ్‌ను కలుపుకున్నాడు. 1929లో వీటన్నిటి మీద కోర్డ్ కార్పొరేషన్ అనే మాతృ సంస్థను నిలిపాడు. విమానాలు, నౌకలు, టాక్సీ కార్లు చేసే కంపెనీలు కూడా దాని గొడుగు కిందికి వచ్చాయి.

ఆర్థిక మాంద్యంలో మిగతా కంపెనీల అమ్మకాలు పడిపోతుంటే, 1931లో ఆబర్న్ తన చరిత్రలోనే అత్యధికంగా కార్లు అమ్మింది. 1932లో 12 సిలిండర్ల ఇంజిన్ ఉన్న కారును వెయ్యి డాలర్ల లోపు ధరకే ఇచ్చింది. అన్ని సిలిండర్ల కారంటే జమీందార్ల వాహనమనుకునే రోజులవి. ఆ ఏడాది జనవరిలో టైమ్ పత్రిక కోర్డ్ బొమ్మను ముఖచిత్రంగా వేసింది.

ధర అడగనివాళ్ల కారు

మ్యూజియంలో జనం ఎక్కువసేపు ఆగేది డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె ముందు. ఫ్రెడ్, ఆగస్ట్ డ్యూసెన్‌బర్గ్ అన్నదమ్ములు జర్మనీలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికాకు వలస వచ్చారు. రేసు కార్లు కట్టడంలో చేయి తిరిగినవాళ్లు. 1921లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి గెలిచింది వాళ్ల కారే. ఇండియానాపొలిస్ 500 మైళ్ల పోటీని 1924, 1925, 1927లో గెలిచారు. ఇంజిన్లు చేయడమే తప్ప లాభాలు చేయడం మాత్రం వాళ్లకు రాలేదు. కంపెనీని కొన్న కోర్డ్, అమెరికాలో అన్నిటికన్నా గొప్ప కారు చేసి ఇమ్మని ఫ్రెడ్‌కు చెప్పాడు.

1928 డిసెంబరులో న్యూయార్క్‌లో ఆ కారు తొలిసారి జనం ముందుకు వచ్చింది. ఒకే వరసలో 8 సిలిండర్లు, ఒక్కో సిలిండర్‌కు 4 వాల్వులు, పైన రెండు క్యామ్‌షాఫ్టులు. 6.9 లీటర్ల ఆ ఇంజిన్‌కు కంపెనీ చెప్పిన శక్తి 265 హార్స్‌పవర్. అప్పటి పెద్ద అమెరికన్ కార్లలో చాలావాటికి అందులో సగం కూడా ఉండేది కాదు. ఒక్క ఛాసీ ధరే 8,500 డాలర్లు. ఫోర్డ్ మోడల్ ఎ కారు 500 డాలర్లకు అటూఇటూగా దొరుకుతున్న కాలం అది. పైగా ఛాసీ అంటే ఇంజిను, చక్రాలు, చట్రం మాత్రమే. బాడీ వేరే కంపెనీ దగ్గర కట్టించుకోవాలి. అందుకే డ్యూసెన్‌బర్గ్‌లు చాలావరకు ఒకదానిలా ఇంకొకటి కనబడవు.

డ్యాష్‌బోర్డు దగ్గరికి వంగి చూస్తే ఈ కారు ఎవరి కోసం చేశారో తెలుస్తుంది. స్పీడోమీటరు 150 మైళ్ల దాకా ఉంటుంది. సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తులో ఉన్నామో చూపే పరికరం ఒకటి, స్టాప్‌వాచ్ ఒకటి. వాటి పక్కన చిన్న చిన్న దీపాలు. 700 మైళ్లు తిరిగాక ఆయిల్ మార్చమని ఒకటి వెలుగుతుంది. బ్యాటరీలో నీళ్లు చూడమని ఇంకొకటి గుర్తుచేస్తుంది. ఇప్పటి కార్లలో కంప్యూటర్ చేసే ఈ పనిని అప్పుడు బానెట్ కింద ఉన్న చిన్న పెట్టెలోని పళ్లచక్రాలు చేసేవి. కారు నడిచినకొద్దీ అవి నెమ్మదిగా తిరిగి, సమయానికి దీపం స్విచ్చిని నొక్కేవి. ఛాసీ కీళ్లకు గ్రీజు పెట్టించే బెడద కూడా లేదు. నడుస్తూ నడుస్తూ కారు తనకు తానే నూనె పట్టించుకునేది.

డ్యూసెన్‌బర్గ్ ప్రకటనలది మరో వింత. కొన్నిటిలో కారు బొమ్మే ఉండదు. ఒక సంపన్నుడు తన పడవ నడుపుతూనో, విశాలమైన గదిలో కూర్చునో కనిపిస్తాడు. ఆయన నడిపేది డ్యూసెన్‌బర్గ్ అని కింద ఒక్క వాక్యం. అంతే. ధర లేదు, సామర్థ్యం లేదు, చిరునామా లేదు.

కొన్నవాళ్లలో హాలీవుడ్ నటులు క్లార్క్ గేబుల్, గ్యారీ కూపర్ ఉన్నారు. స్పెయిన్ రాజు 13వ అల్ఫాన్సో ఉన్నాడు. మన దేశం నుంచి ఇందోర్ మహారాజా యశ్వంత్‌రావ్ హోల్కర్ ఉన్నాడు. ఆయన కోసం తయారైన కారు సూపర్‌ఛార్జర్ ఉన్న ఎస్‌జె రకం. బాడీని లండన్‌లోని గర్నీ నటింగ్ కంపెనీ కట్టింది, స్టీరింగు మన రోడ్లకు తగ్గట్టు కుడి వైపు. మోడల్ జె రకాలన్నీ కలిపి తయారైనవి 500 లోపే. గ్యారీ కూపర్ నడిపిన పొట్టి ఛాసీ కారు 2018లో వేలంలో 2 కోట్ల 20 లక్షల డాలర్లు పలికింది. ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్ మాత్రం 1932లో పెన్సిల్వేనియాలో సొంత కారు ప్రమాదానికి గురై, కొన్ని వారాలకే చనిపోయాడు.

కళ్లు మూసుకునే కారు

అధ్యక్షుడు తన సొంత పేరు పెట్టుకున్న కారు కోర్డ్. 1929లో వచ్చిన ఎల్-29లో ఇంజిను శక్తి ముందు చక్రాలకు వెళ్తుంది. ఇవాళ మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో అత్యధికం అలాంటివే. అప్పట్లో అమెరికాలో మామూలు కొనుగోలుదారులకు అలాంటి కారు అమ్మడం సాహసం. వెనక చక్రాల దాకా షాఫ్టు అక్కర్లేదు కాబట్టి కారు ఎత్తు బాగా తగ్గింది, నేలను అంటుకుని సాగినట్టుండే అందం వచ్చింది. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. పొడవాటి ఇంజిను బాగా వెనక్కి జరిగి, శక్తి అందే ముందు చక్రాల మీద బరువు తగ్గింది. తడిసిన ఎత్తుల మీద అవి జారేవి. సుమారు 5 వేల కార్ల దగ్గర దాని ఉత్పత్తి ఆగింది.

మ్యూజియంలో తప్పక చూడాల్సిన కారు దాని తర్వాతిది, 1936 మోడల్ కోర్డ్ 810. దీన్ని గీయడం మొదలుపెట్టినప్పుడు గోర్డన్ బ్యూరిగ్‌కు 30 ఏళ్లు కూడా నిండలేదు. మొదట చిన్న డ్యూసెన్‌బర్గ్‌గా అనుకున్న నమూనా అది, చివరికి కోర్డ్ అయింది. దాని ముందు నిలబడితే ఏమేమి లేవో లెక్కపెట్టడం సులువు. కాలు పెట్టి ఎక్కే ఫుట్‌బోర్డు లేదు. పైకి కనబడే తలుపు బందులు లేవు. ఆనాటి దాదాపు ప్రతి కారుకూ గుడి గోపురంలా నిలబడే రేడియేటర్ జాలీ లేదు. దాని బదులు ముక్కు చుట్టూ తిరిగి పక్కలకు పోయే అడ్డగీతలు ఉన్నాయి. ఆ ముక్కు ఆకారం చూసి జనం దానికి శవపేటిక ముక్కు అని పేరు పెట్టారు.

హెడ్‌లైట్లూ కనబడవు. మడ్‌గార్డుల్లో మునిగి ఉంటాయి. డ్యాష్‌బోర్డు కింద ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి చిన్న హ్యాండిళ్లు ఉంటాయి. చీకటి పడితే డ్రైవరు ఒకదాన్ని చేత్తో తిప్పాలి, ఆ వైపు దీపం పైకి లేస్తుంది. తర్వాత అవతలి వైపుకు వంగి రెండోది తిప్పాలి. పక్కన మనిషి ఉంటే ఆ పని వాళ్లకు అప్పగించవచ్చు. కంపెనీ గొడుగు కిందే ఉన్న స్టిన్సన్ విమానాల ల్యాండింగ్ లైట్లను తెచ్చి ఇందులో వాడారు. గేరు మార్చడానికి స్టీరింగు పక్కన వేలితో కదిపే బుల్లి మీట ఉంటుంది. ముందుగా గేరు ఎంచుకుని పెట్టుకోవచ్చు. క్లచ్ తొక్కినప్పుడే అసలు గేరు మారుతుంది.

1935 నవంబరులో న్యూయార్క్ ప్రదర్శనలో ఈ కారును చూడటానికి జనం విరగబడ్డారు. వెనక ఉన్నవాళ్లు పక్క కార్ల బంపర్లెక్కి చూశారని చెబుతారు. అయితే ప్రదర్శనలో పెట్టాలంటే కనీసం 100 కార్లు తయారై ఉండాలన్న నియమాన్ని కంపెనీ హడావుడిగా, ఎలాగోలా దాటింది. ఆ కార్లు నడిచే స్థితిలో లేవు, గేర్‌బాక్సులే సిద్ధం కాలేదు. క్రిస్మస్‌కల్లా కారు అందిస్తామని డబ్బు కట్టించుకున్నారు. క్రిస్మస్‌కు అందింది కారు కాదు, పాలరాతి దిమ్మ మీద నిలబెట్టిన చిన్న కంచు బొమ్మ. అసలు కార్లు చేతికి వచ్చేసరికి కొత్త సంవత్సరంలో నెలలు గడిచాయి. వచ్చాక కూడా ఇంజిను వేడెక్కడం, గేర్లు జారడం వంటి ఫిర్యాదులు మొదలయ్యాయి. 810, దాని తర్వాతి 812 కలిపి 3 వేల లోపే తయారయ్యాయి. 1951లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 8 కార్లను కళాఖండాలుగా ఎంచి ప్రదర్శిస్తే, అందులో కోర్డ్ 812 ఒకటి.

బ్యూరిగ్ చేతి నుంచే వచ్చిన మరో కారు 1935 నాటి ఆబర్న్ 851 స్పీడ్‌స్టర్. రెండే సీట్లు, వెనక భాగం పడవ కొనలా సన్నబడుతుంది. దీని డ్యాష్‌బోర్డు మీద చిన్న లోహపు రేకు ఒకటి ఉంటుంది. ఈ కారును గంటకు 100 మైళ్లు దాటించి పరీక్షించామని దాని మీద రాసి, రేసు డ్రైవరు ఆబ్ జెన్కిన్స్ సంతకం పెట్టారు. అన్ని కార్లనూ ఆయనే నడిపి ఉంటాడని కార్ల చరిత్రకారులు అనుకోరు. ధర 2,245 డాలర్లు. ఆ ధరకు కంపెనీకి నష్టమే. షోరూం కిటికీలో దీన్ని చూసి లోపలికి వచ్చినవాళ్లు మామూలు ఆబర్న్ కారు కొంటారని ఆశ. వచ్చినవాళ్లు చూశారు, మెచ్చుకున్నారు, వెళ్లి వేరే కంపెనీ కారు కొన్నారు.

మూతపడ్డాక ఏమైంది

1937 ఆగస్టులో కోర్డ్ తన వాటాలు అమ్మేసి తప్పుకున్నాడు. కార్ల తయారీ ఆగిపోయింది. అందం తక్కువై ఈ కంపెనీ పోలేదు. జనరల్ మోటార్స్ వంటి సంస్థలు ఒకే అచ్చు నుంచి లక్షల కార్లు తీసి ధర తగ్గిస్తుంటే, వేలల్లో తయారుచేసే కంపెనీకి కొత్త డిజైన్ ఖర్చు కూడా తిరిగి రాలేదు. అధ్యక్షుడి దృష్టి విమానాల మీదికి, షేర్ల మీదికి మళ్లింది. పరీక్షించడానికి తగినంత సమయం లేకుండానే కార్లు మార్కెట్లోకి వచ్చాయి. కోర్డ్ తర్వాత నెవాడా వెళ్లి స్థిరపడి, ఆ రాష్ట్ర సెనేటర్ కూడా అయ్యాడు.

భవనం బతకడానికి ఒక చిన్న వ్యాపారం కారణమైంది. 1938లో డాలస్ విన్స్‌లో అనే వ్యాపారి మిగిలిపోయిన విడిభాగాలను కొని, ఇక్కడి నుంచే పాత కార్ల యజమానులకు అమ్ముతూ, రిపేర్లు చేయిస్తూ వచ్చాడు. కంపెనీ చచ్చిపోయినా స్పేర్ పార్టులు దొరికాయి కాబట్టే చాలా కార్లు తుక్కు కాకుండా మిగిలాయి. 1952లో యజమానులు క్లబ్బుగా ఏర్పడ్డారు. 1956 నుంచి ఏటా ఆబర్న్‌లో కలుసుకోవడం మొదలుపెట్టారు. 1960లో విడిభాగాల నిల్వ ఒక్లహోమాకు చెందిన గ్లెన్ ప్రే చేతికి వెళ్లింది. ఆ తర్వాత భవనం శిథిలావస్థకు చేరింది. ఊరివాళ్లే పూనుకుని దాన్ని చేజిక్కించుకుని 1974 జూలైలో మ్యూజియంగా తెరిచారు. ఎర్రెట్ కోర్డ్ చనిపోయింది ఆ ఏడాది జనవరిలోనే. 2005లో అమెరికా ప్రభుత్వం దీన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది.

వెళ్లాలనుకునేవారికి

మ్యూజియంలో 100కు పైగా కార్లున్నాయి. అన్నిటినీ ఒకే శ్రద్ధతో చూడబోతే అలసిపోతారు. ముందు షోరూంలో తీరిగ్గా తిరగండి. తర్వాత మెట్లెక్కి డిజైనర్ల గది, కోర్డ్ ఆఫీసు గది చూడండి. కారు పుట్టిన చోటు చూశాక మళ్లీ కిందికి వస్తే, అవే కార్లలో మొదటిసారి కంటపడని వివరాలు కనిపిస్తాయి. ఇండియానాలో ఒకప్పుడు తయారైన ఇతర కంపెనీల కార్లూ పై అంతస్తుల్లో ఉన్నాయి. లారీలు, ట్రక్కుల మీద ఆసక్తి ఉన్నవారికి పక్కనే, పాత ఫ్యాక్టరీ భవనాల్లో మరో మ్యూజియం ఉంది.

సెప్టెంబరు మొదటి సోమవారం అమెరికాలో లేబర్ డే సెలవు. దాని ముందు వచ్చే వారాంతంలో కార్ల యజమానులు దేశం నలుమూలల నుంచి ఆబర్న్‌కు వస్తారు. శనివారం ఊరేగింపు ఉంటుంది. మ్యూజియంలో చూసినలాంటి కార్లే వీధిలో చప్పుడు చేస్తూ పోతుంటే చూడాలంటే అదే అదను. కానీ 13 వేల జనాభా దాటిన ఊరికి ఆ రోజుల్లో హోటల్ గదులు చాలవు, ముందే బుక్ చేసుకోవాలి. భవనాన్ని, గచ్చును ప్రశాంతంగా చూడాలనుకునేవారు మిగతా నెలల్లో వెళ్లడం మేలు.

చికాగోలో, డెట్రాయిట్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఆబర్న్ కారులో సుమారు రెండున్నర, మూడు గంటల దూరం. ఉదయం బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఒక్క మాట: ఆబర్న్ గడియారం చికాగో కన్నా ఒక గంట ముందుంటుంది. మూసే వేళ చూసుకుని, ఆ గంట కలుపుకుని బయల్దేరండి.